ఎఫ్‌ఐఆర్‌లో హత్యాయత్నం సెక్షన్ పెట్టారు.. పదేళ్లు ఖాయమేనా?

ప్రశ్న: మాది అంబర్‌పేట. అపార్ట్‌మెంట్ పార్కింగ్ దగ్గర గొడవై మా తమ్ముడు ఎదురు ఫ్లాటాయన్ని క్రికెట్ బ్యాటుతో కొట్టాడు. తలకు నాలుగు కుట్లు పడ్డాయి. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 109 కింద కేసు పెట్టి తమ్ముణ్ని రిమాండ్ చేశారు, చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు. విడదీయడానికి వెళ్లిన నన్ను ఏ2గా (రెండో నిందితుడిగా) చేర్చారు. పదేళ్లు తప్పవని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. ఎఫ్‌ఐఆర్‌లో ఉన్న సెక్షన్ పోలీసుల తొలి అంచనా మాత్రమే. చార్జిషీటు నాటికి అది మారొచ్చు, కోర్టు అభియోగాలు ఖరారు చేసేటప్పుడూ మారొచ్చు.

109 అంటే పాత ఐపీసీ 307. శిక్ష పదేళ్ల వరకు, గాయమైతే యావజ్జీవం దాకా పడొచ్చు. అయితే చంపాలనే కొట్టాడని, లేదా ఆ దెబ్బకు ప్రాణం పోతుందని తెలిసే కొట్టాడని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. కేసంతా ఇక్కడే తిరుగుతుంది. కుట్లు నాలుగే కదా అని ధీమా పడకండి. గాయం చిన్నదైనా ఉద్దేశం రుజువైతే 109 నిలుస్తుంది. కోర్టు చూసేవి వేరే: బ్యాటు ముందే తెచ్చుకున్నాడా, చేతికందితే తీశాడా? ఒక్క దెబ్బా, పడిపోయాక కూడా కొట్టాడా? అంతకుముందు చంపుతానన్నాడా? అప్పటికప్పుడు రేగిన గొడవని తేలితే 118(1)కి, అంటే ప్రమాదకర ఆయుధంతో గాయపరచడానికి దిగే అవకాశం ఉంది. దానికి శిక్ష మూడేళ్ల వరకే. ఎముక విరిగిందని డాక్టరు రాస్తే మాత్రం 118(2), అంటే అలాంటి ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం, అదీ పెద్ద సెక్షనే. అందుకే ఆస్పత్రి ఇచ్చే గాయాల సర్టిఫికెట్ మీ లాయరు చేతికి రావాలి.

పార్కింగ్‌లో సీసీ కెమెరా ఉందా? ఉంటే ఈ రోజే అసోసియేషన్‌కీ, దర్యాప్తు అధికారికీ రాతపూర్వకంగా అడగండి. పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతే మీరు విడదీశారనడానికి సాక్ష్యం పోతుంది.

బెయిలుకు తమ్ముడి తరఫున నాంపల్లి సెషన్స్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 483 కింద పిటిషన్ వేయించండి. ఇలాంటి సెక్షన్‌లో మేజిస్ట్రేటు సాధారణంగా ఇవ్వరు. మీకు అదే చట్టం 482 కింద ముందస్తు బెయిలు, అది ఆలస్యం చేయొద్దు. రిమాండైన 90 రోజుల్లో చార్జిషీటు రాకపోతే బెయిలు తమ్ముడి హక్కు. కానీ చార్జిషీటు పడకముందే అడగాలి, ఒక్క రోజు తేడాతో పోగొట్టుకున్నవాళ్లున్నారు. లాయరు ఫీజు కష్టమైతే జైల్లో ఉన్నవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

రాజీ అంటారా? 109 కింది కోర్టులో రాజీ కుదిరే నేరం కాదు. ఇద్దరూ ఒప్పుకుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద హైకోర్టుకు వెళ్లొచ్చు, గాయం తీరు చూసి కేసు కొట్టేసిన సందర్భాలున్నాయి. ఆ మాటలు లాయర్ల ద్వారానే నడవాలి. మీరే వాళ్ల ఫ్లాటు తలుపు తట్టారంటే సాక్షిని బెదిరించారని ఇంకో ఫిర్యాదు వస్తుంది, బెయిలూ చిక్కుల్లో పడుతుంది. స్టేషన్ దగ్గర ‘సెక్షన్ మార్పిస్తాం’ అని డబ్బడిగే మధ్యవర్తులకు రూపాయి ఇవ్వకండి.