విటమిన్ డి ఒంటికి పట్టాలంటే దానికి తోడుగా ఏం కావాలి?

వారానికి ఒకసారి 60,000 యూనిట్ల విటమిన్ డి గుళిక వేసుకుంటున్నా రక్తపరీక్షలో అంకె పెరగడం లేదు, తోడుగా ఇంకేమైనా తీసుకోవాలా అన్నది మీ ప్రశ్న. ముందు చూడవలసింది, దాన్ని మీరు ఎప్పుడు వేసుకుంటున్నారన్నదే. విటమిన్ డి కొవ్వులో కరిగేది కనుక, పరగడుపున మంచినీళ్లతో మింగితే పేగులు దాన్ని సరిగా గ్రహించలేకపోవచ్చు; మధ్యాహ్నం పప్పన్నంలో చెంచాడు నెయ్యి వేసుకుని తిన్న వెంటనే వేసుకుంటే అదే గుళిక మెరుగ్గా ఒంటికి పడుతుంది.

తర్వాతది మెగ్నీషియం. మింగిన విటమిన్ ఉన్నది ఉన్నట్టుగా పనిచేయదు. మొదట కాలేయంలో, ఆపైన మూత్రపిండాల్లో మార్పు చెందాకే చురుకైన రూపానికి వస్తుంది, ఆ మార్పులు జరిపే ఎంజైములకు మెగ్నీషియం అవసరం. నువ్వులు, గుమ్మడి గింజలు, రాగులు, పెసలు, తోటకూర తరచుగా తినేవారికి దీనికోసం వేరే మాత్ర సాధారణంగా అక్కరలేదని నా అభిప్రాయం. విటమిన్ డి చేసే ముఖ్యమైన పని పేగుల నుంచి కాల్షియాన్ని రక్తంలోకి చేర్చడమే కాబట్టి, ఆహారంలో కాల్షియం కూడా ఉండాలి. విటమిన్ కె2 గురించి ప్రచారం ఎక్కువ, ఆధారాలు తక్కువ. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు డాక్టరును అడగకుండా కె2 ముట్టుకోకూడదు.

స్థూలకాయం, కాలేయ వ్యాధులు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందులు కూడా అంకెను పెరగనివ్వవు. అలాంటప్పుడు మోతాదు డాక్టరే నిర్ణయించాలి. వారపు గుళికను పొరపాటున నెలల తరబడి రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులు మొదలై, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక, మందుల చీటీ మీద వారానికని ఉందో రోజుకని ఉందో దయచేసి మరొకసారి చూసుకోండి.