రాత్రంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుందా?

ప్రశ్న: సార్, మాది బొబ్బిలి. డాబా మీంచి ఒరయన్ నెబ్యులా అనే వాయుమేఘం ఫొటో తీద్దామని చుక్కల వెంట తిరిగే ట్రాకింగ్ మౌంటు, చిన్న టెలిస్కోపు, గైడ్ కెమెరా కొన్నాను, డీఎస్ఎల్ఆర్ ఉంది, లాప్‌టాప్‌లో ఫొటోలు వరసగా తీయించే నీనా సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. సెట్ చేసి పడుకుంటే తెల్లారేసరికి ఫొటోలు రెడీ అంటున్నారు, నిజమేనా? ఉత్తరం వైపు కొబ్బరిచెట్లు అడ్డం, ధ్రువ నక్షత్రం కనపడదు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: నిజమే తమ్ముడూ, పడుకోవచ్చు. కానీ అంతకుముందు ఒక అరగంట నీ చేతులే పని చెయ్యాలి, నన్నడిగితే ఫొటో వచ్చేదీ రానిదీ ఆ అరగంటలోనే తేలిపోతుంది.

ముందు ధ్రువం సంగతి. మౌంటు ఇరుసు ధ్రువం వైపు సూటిగా ఉంటేనే అది చుక్కల వెంట సరిగ్గా తిరుగుతుంది. మన విజయనగరం, శ్రీకాకుళం సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి ధ్రువ నక్షత్రం కూడా అంత ఎత్తులోనే ఉంటుంది, పక్కింటి వాటర్ ట్యాంకు చాలు దాన్ని మూసెయ్యడానికి. లండన్‌లో అయితే 51 డిగ్రీల ఎత్తున ఉంటుంది, అక్కడివాళ్ళ వీడియోలు చూసి దిగులు పెట్టుకోకు. నీనాలో త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ అనే ప్లగిన్ (అదనంగా తగిలించుకునే భాగం) ఉంది, దానికి ధ్రువం కనపడక్కర్లేదు. ఆకాశం ఖాళీగా ఉన్న వైపు మౌంటుని కొంచెం కొంచెం తిప్పుతూ మూడు ఫొటోలు తీస్తుంది, వాటిలో చుక్కల అమరికని కేటలాగ్‌తో పోల్చి, అంటే ప్లేట్ సాల్వింగ్ చేసి, నీ మౌంటు ఇరుసు ఎటు ఎంత తప్పిందో స్క్రీన్ మీద చూపిస్తుంది, ఇక నువ్వు ఎత్తు బోల్టూ పక్క బోల్టూ మెల్లగా తిప్పుతూ ఆ తేడా ఒకట్రెండు ఆర్క్ నిమిషాలకి (ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) దించితే చాలు. ప్లేట్ సాల్వింగ్‌కి ఆస్టాప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని చుక్కల డేటాబేస్ ముందే దించుకుంటే డాబా మీద నెట్ లేకపోయినా నడుస్తుంది.

తర్వాత వైర్లు. సంక్రాంతి రోజుల్లో ఒరయన్ నెబ్యులా రాత్రి పదింటికల్లా బాగా పైకొచ్చేస్తుంది, అది ఉత్తరం నుంచి దక్షిణానికి ఉండే ఆకాశపు నడిమి గీత దాటాక మౌంటు మొత్తం అటు నుంచి ఇటు తిరుగుతుంది, మెరీడియన్ ఫ్లిప్ అంటారు. ఆ తిరుగుడులో యూఎస్‌బీ వైరు ఎక్కడైనా పట్టేసిందంటే ఆ రాత్రికి అంతే. పగటిపూటే ఒకసారి తిప్పి చూసి వైర్లకి వదులు ఉంచు. లాప్‌టాప్ స్లీప్ మోడ్ ఆపెయ్, కరెంటు పోతుందనుకో, మౌంటుకి 12 వోల్టుల బ్యాటరీయే నయం. మంచు మాత్రం తేలిగ్గా తీసుకోకు, పుష్యమాసంలో అర్ధరాత్రి దాటితే డాబా గోడే తడిసిపోతుంది, లెన్స్ చుట్టూ హీటర్ బెల్టు లేకపోతే రెండింటి తర్వాత ఫొటోలన్నీ మసకే, బెల్టు మంచు పట్టాక కాదు మొదటినుంచే వెయ్యాలి. ఫోకస్ మోటారు లేకపోతే బాటినోవ్ మాస్క్ (ఫోకస్ కుదిరిందో లేదో చూపించే చీలికల మూత) పెట్టి చేత్తో సరిచేసుకో, చలి పెరిగేకొద్దీ ఫోకస్ జరుగుతుంది కాబట్టి నడిరాత్రి ఒకసారి లేవాల్సిందే.

ఇవన్నీ కుదిరాక గైడింగ్, అంటే గైడ్ కెమెరాతో ఒక చుక్కని చూస్తూ మౌంటు తప్పకుండా సరిచెయ్యడం, పీహెచ్‌డీ2 అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, ఫొటోల వరస నీనా చూసుకుంటుంది. ఈ నెబ్యులాని మొదట ఫొటో తీసిన హెన్రీ డ్రేపర్ 1880 సెప్టెంబరు 30న ఒకే ఫొటో ప్లేటుకి 51 నిమిషాలు ఎక్స్‌పోజర్ ఇచ్చాడు, మధ్యలో గాలి కొడితే మొత్తం పోయినట్టే. నువ్వు రెండేసి నిమిషాల ముక్కలుగా తియ్యి, చెడినవి పక్కన పడేసి మిగతావి సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలుపుకో, గంటకి బదులు నాలుగు గంటలు తీస్తే నాయిస్ (ఫొటోలో గింజలు గింజలుగా కనపడేది) సగానికి తగ్గుతుంది. నెబ్యులా నడిమధ్య చాలా వెలుగు, అక్కడ తెల్లగా కాలిపోకుండా పది సెకన్లవి కూడా కొన్ని తీసి తర్వాత కలుపుకోవాలి, ఇది చాలామంది వదిలేస్తారు.

ప్రశ్న: రోజెట్ నెబ్యులా అందరి ఫొటోల్లో ఎర్రగా ఉంటుంది, నాకు బూడిదరంగులో వస్తోంది. వీధిలైట్ల వల్లనా? — ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: లైట్ల పాత్ర కొంతే అమ్మా, అసలు కారణం కెమెరాలోనే ఉంది. ఆ ఎరుపు హైడ్రోజన్ వెలుగు, 656 నానోమీటర్లు, మామూలు డీఎస్ఎల్ఆర్ లోపలి ఫిల్టర్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది. ఆ ఫిల్టర్ మార్పించాలి, ఆ పైన వీధిలైట్లకి, రెండు రకాల నెబ్యులా వెలుగునే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పెట్టుకోవచ్చు. మార్పించాక ఇంట్లో ఫంక్షన్ ఫొటోలు ఎర్రగా పడతాయి, ప్రతిసారీ వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) పెట్టుకోవాలి, కాబట్టి ఉన్న ఒక్క కెమెరానీ ఇవ్వకండి, సెకండ్‌హ్యాండ్ బాడీ ఒకటి దీనికే కొనుక్కోండి.