నాలుగో వల వేసేముందు

అమ్మాయీ,

శనివారం నుంచి గ్రంథాలయంలో పిల్లలకి వెయ్యిన్నొక్క రాత్రుల కథలు చెబుతున్నానని రాశావు. సంతోషం. తలపాగా, పరదాలు, రంగు లైట్లు ఉండాలా అని అడిగావు. ఏవీ వద్దు. డమాస్కస్ కాఫీ హోటళ్ళలో కథ చెప్పే హకవాతీకి ఓ ఎత్తు కుర్చీ, ఒళ్ళో పుస్తకం, బల్ల మీద కొట్టడానికి ఓ కర్ర. అంతే సరంజామా.

అల్లావుద్దీన్‌తో మొదలుపెట్టకు. సినిమాల పుణ్యమా అని అది పిల్లలకి నీకంటే బాగా వచ్చు. పైగా పాత అరబ్బీ రాతప్రతుల్లో ఆ కథ లేదు. 1709లో హన్నా దియాబ్ అనే సిరియా అలెప్పో కుర్రాడు పారిస్‌లో, ఈ కథల్ని ఫ్రెంచిలోకి తెచ్చిన గలాన్‌కి చెబితే, ఆయన ఫ్రెంచి పుస్తకంలోకి ఎక్కింది. నువ్వు జాలరి కథ ఎత్తుకో.

ఈ కథల్లో అందగత్తె కనపడితే పద్యాలకి కొదవుండదు గానీ, మనిషి లోపల ఏముందో కథకుడు చెప్పడు. చేసే పనిలో మనమే పట్టుకోవాలి. ముసలి జాలరి రోజుకి నాలుగుసార్లే వల వేస్తాడు. ఇంట్లో తిండికి కటకట, అయినా ఐదోసారి వెయ్యడు. మొదట చచ్చిన గాడిద, తర్వాత మట్టి నిండిన జాడీ, ఆ తర్వాత పెంకులు. ప్రతిసారీ వల పిండుకుని దేవుడితో ఓ మాట చెప్పుకుని మళ్ళీ విసురుతాడు. ఇక్కడ తొందరపడకు. ఈ ఓపిక చూశాకే, నాలుగో వలలో వచ్చిన జాడీలోంచి లేచిన భూతాన్ని వాడు బురిడీ కొట్టిస్తే పిల్లలు నమ్ముతారు. నేను మొదటిసారి ఇదంతా రెండు ముక్కల్లో కొట్టేసి, భూతానికి గుండెలదిరే గొంతు పెట్టాను. ఒకడు ఏడ్చాడు, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. జాలరి ఎవడికీ గుర్తులేడు.

ఆ భూతమూ ఉత్త కోపిష్టిది కాదు. జాడీలో పడివున్న ఏళ్ళలో, నన్ను విడిపించినవాణ్ణి ధనవంతుణ్ణి చేస్తాననుకుంది. ఎవరూ రాలేదు. మూడు కోరికలు తీరుస్తాననుకుంది. అప్పుడూ రాలేదు. చివరికి విడిపించినవాణ్ణే చంపుతానని ఒట్టు పెట్టుకుంది. ఎలా చావాలో వాడే ఎంచుకోవచ్చట, అదీ దాని దయ! ఒక్కో మాటకీ గొంతు పెంచకు, తగ్గించు. సాయంత్రం అమ్మ ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే ఎలా ఉంటుందో ఆ పిల్లలకి తెలుసు.

రాజుకి రాత్రికో కథ చెప్పి ప్రాణం కాపాడుకున్న షహ్రజాద్‌ని అందరూ పొగుడుతారు, చెల్లెలు దునియాజాద్‌ని వదిలేస్తారు. ‘అక్కా, ఓ కథ చెప్పవూ’ అని ఆ పిల్ల అడగబట్టే మొదటి రాత్రి గడిచింది. ముందు వరసలో చురుకైన పిల్లని చూసి ఆ మాట దానిచేత అనిపించు. రాజు రోజుకో భార్యని చంపించడం దాచకు, ఒక్క వాక్యంలో చెప్పి దాటెయ్.

తర్వాతి వారాల్లో బాగ్దాద్ ఏలిన ఖలీఫా హారూన్ అల్ రషీద్ వస్తాడు. మూడు యాపిల్ పళ్ళ కథలో, హంతకుణ్ణి పట్టుకోకపోతే ఉరే అని వజీరు జాఫర్‌ని బెదిరిస్తాడు. అసలు హారూన్ 803లో అసలు జాఫర్‌ని చంపించాడు. పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు. నీకు తెలిసుంటే ఆ బెదిరింపు వేళాకోళంగా పలకవు.

అరబ్బీ కథలు మనకెందుకని ఏ తండ్రైనా అడిగితే, మన పంచతంత్రం పాత పారశీక భాష పహ్లవీ మీదుగా 8వ శతాబ్దంలో అరబ్బీలోకి వెళ్ళిందనీ, అక్కడి కలీలా, దిమ్నా అనే నక్కలు మన కరటక దమనకులేననీ చెప్పు.

మొదటి రోజు, ‘ఎలా చస్తావో కోరుకో’ అని భూతం అడిగిన చోట లేచి కుర్చీ మడిచెయ్. అరబ్బుల వీరగాథల్లోని అంతర్ వీరుణ్ణి కథ మధ్యలో సంకెళ్ళలో వదిలేసి హకవాతీ ఇంటికెళితే, నిద్రపట్టని శ్రోత ఒకడు అర్ధరాత్రి వెళ్ళి తలుపు కొట్టాడని చెప్పుకుంటారు. ఆదివారం మీ ఇంటి గంట ఎవరైనా కొడితే నాకు ఫోన్ చెయ్.

మీ పెద్దమ్మ