పాత నికాన్ ఆటోఫోకస్ లెన్సులు ఇప్పటి డీఎస్ఎల్ఆర్‌కి పనిచేస్తాయా?

బిగుస్తాయి, ఫొటో కూడా వస్తుంది, కానీ ఆటోఫోకస్ మాత్రం అన్ని కెమెరా బాడీల్లో రాదు. ఎందుకంటే ఏఎఫ్-డి రకం పాత లెన్సుల్లో మోటార్ ఉండదు, బాడీలో ఉన్న మోటారే చిన్న స్క్రూ లాంటి దాంతో లెన్స్‌ని తిప్పాలి, ఆ మోటార్ డి3500, డి5600 లాంటి చిన్న బాడీల్లో పెట్టలేదు, డి7500, డి750లో ఉంది. ఉదాహరణకి 50ఎంఎం 1.8డి లెన్స్‌ని డి5600కి తగిలిస్తే ఎక్స్‌పోజర్ మామూలుగానే చూపిస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో రింగ్ తిప్పి చేసుకోవాల్సిందే.

1959 నుంచి ఎఫ్ మౌంటే (లెన్స్‌ని బాడీకి బిగించే నికాన్ అమరిక) కదా, ఏదైనా పనిచేసేస్తుంది అనుకుంటారు చాలామంది, అది తప్పు. ముఖ్యంగా 1977కి ముందు లెన్సులు, ఏఐకి (లెన్స్‌లో పెట్టిన ఎపర్చర్‌ని, అంటే వెలుతురు వచ్చే రంధ్రం సైజుని, బాడీకి తెలిపే పద్ధతి) మార్పించనివి డి750 లాంటి బాడీకి అస్సలు బిగించకండి, మౌంట్ పక్కనున్న చిన్న లివర్ దెబ్బతినొచ్చు.