సింగపూర్ రిజర్వాయర్ దగ్గర గాలం వేయాలంటే

కొత్తగా వచ్చినవాళ్ళు వరసగా అడుగుతుంటారు: "లైసెన్సు కావాలా? గోధుమపిండి ముద్దతో పడతాయా? వానపాములు ఎక్కడ దొరుకుతాయి?" లైసెన్సు అక్కర్లేదు. పిండి, బ్రెడ్డు, వానపాము, రొయ్య మాత్రం మర్చిపోవాలి. రిజర్వాయర్లలో అనుమతి ఉన్నది కృత్రిమ ఎరకే, అంటే ల్యూర్‌కే. అవి ఊరి చెరువులు కావు, జనం తాగే నీళ్ళు.

ఎక్కడబడితే అక్కడ కూర్చోవడమూ కుదరదు. సింగపూర్ నీటి సంస్థ పీయూబీ చేపలు పట్టడానికి గుర్తించిన గట్లు వేరే ఉంటాయి. బెడోక్, లోయర్ సెలెటార్, క్రాంజి, మ్యాక్‌రిచీలలో అలాంటి చోట్లు ఉన్నాయి. బయల్దేరే ముందు పీయూబీ సైటులో మ్యాపు చూసుకోండి, చేరాక బోర్డు చదవండి. గీత దాటి పట్టుకుంటే జరిమానా 3,000 డాలర్ల దాకా ఉండొచ్చు. పక్కన ఎవరో వేస్తున్నారు కదా అంటే చెల్లదు. వల, మావు, నీళ్ళలోకి దిగడం లాంటి ఆలోచనలు అసలే వద్దు.

ఎర వాసన లేదు కాబట్టి బెండు వేసి కూర్చుంటే ఏమీ పడదు. ల్యూర్‌ని కదిలించి, బతికున్న చిన్న చేప అనిపించాలి. పని అంతా మణికట్టుదే, సామాను కూడా దానికి తగ్గట్టే ఉండాలి. ఆరు, ఆరున్నర అడుగుల మీడియం కడ్డీ, 2500 సైజు స్పిన్నింగ్ రీలు, 15 పౌండ్ల బలమున్న అల్లిన దారం 150 మీటర్లు, దాని చివర ఒకటిన్నర మీటరు 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడరు (ల్యూర్‌కు ముందు కట్టే దారం) చాలు. బస్సులో, ఎంఆర్‌టీ రైల్లో పట్టుకెళ్ళడానికి రెండు ముక్కల కడ్డీ తీసుకోండి. గాలాలకు తొడుగులు తప్పనిసరి.

అల్లిన దారాన్ని నేరుగా స్పూలు మీద చుడితే చేప గుంజినప్పుడు మొత్తం చుట్ట గిర్రున జారుతుంది. అందుకే అడుగున నాలుగైదు మీటర్ల నైలాన్ దారం చుట్టాలి. దారం చిక్కు పడటం ఇంకో తలనొప్పి. ల్యూర్ నీళ్ళలో పడగానే హ్యాండిల్ తిప్పేస్తే వదులు దారం ఉచ్చులుగా చుట్టుకుంటుంది, తర్వాతి విసురులో అదంతా కుప్పగా బయటికొస్తుంది. విసిరేటప్పుడు తెరిచిన బెయిల్ తీగను చేత్తో మూసి, దారాన్ని ఒకసారి లాగి బిగించాకే చుట్టడం మొదలుపెట్టండి.

డ్రాగ్ బిగింపు, అంటే ఎంత గట్టిగా గుంజితే రీలు దారం వదలాలనేది, దారం బలంలో మూడో వంతు ఉండాలి. పై సామానుకు అది రెండు కిలోల పైచిలుకు. దారం చివర రెండు లీటర్ల నిండు నీళ్ళ సీసా కట్టి, కడ్డీని దారానికి సూటిగా పెట్టి లాగండి. సీసా లేచే చోటే దారం జారడం మొదలవ్వాలి. కడ్డీని వంచి ఈ పరీక్ష చేస్తే కార్బన్ కడ్డీ మొన విరగొచ్చు.

సూర్యోదయం ఏడాది పొడవునా ఏడుకు అటూ ఇటూ. మన ఊళ్ళో లాగా ఐదున్నరకే వెళితే చీకట్లో కూర్చోవాలి. పీకాక్ బాస్ పగటి చేప, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. తెల్లవారాక మొదటి రెండు గంటలే దాని అసలు సమయం. ఏడెనిమిది సెంటీమీటర్ల పాపర్‌ను, అంటే తేలే ల్యూర్‌ను, నీటి మీద రెండు కుదుపులు కుదిపి, ఒక క్షణం ఆపండి. చాలాసార్లు ఆ ఆగినప్పుడే కొడుతుంది. ఎండ ముదిరితే లోతుకు దిగుతుంది. అప్పుడు ఏడు గ్రాముల జిగ్ తలకు, అంటే బరువు అమర్చిన గాలానికి, మూడు అంగుళాల రబ్బరు చేప తొడిగి, అడుగు తాకనిచ్చి మెల్లగా చుట్టాలి. చేప తగలగానే అది స్తంభాల వైపు, మునిగిన కొమ్మల వైపు పరుగెడుతుంది. తొలి ఐదు సెకన్లలో దాని తల తిప్పలేకపోతే తెంపుకుపోతుంది.

మనవాళ్ళకు ఎక్కువ ఆసక్తి కలిగించేది హరువాన్. అది మన కొర్రమీనే, తెలంగాణ రాష్ట్ర చేప. దాని పెద్దన్న తోమన్. రెండూ గాలి పీల్చడానికి పైకొస్తాయి. నీటి మీద గుండ్రటి అల లేచిందంటే తల ఏ దిక్కుకు తిరిగిందో చూడండి, దానికి రెండు మూడు మీటర్లు ముందు మెత్తటి కప్ప ల్యూర్ వేయండి. నెత్తిన వేస్తే బెదిరిపోతుంది. కలుపు పైన కప్ప ల్యూరే ఎందుకంటే గాలపు మొన లోపల దాగి ఉంటుంది, ఆకులకు తగులుకోదు. తోమన్‌కు 20 పౌండ్ల లీడరు సరిపోదు, పళ్ళతో కోసేస్తుంది. 40 పౌండ్లు కట్టండి. ఎర్రటి పిల్లల గుంపు తేలుతూ కనిపిస్తే కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి, ఏది వేసినా కోపంతో కొడతాయి. అది తేలిక వేట. కానీ వాటిని లాగేస్తే పిల్లలు నిమిషాల్లో వేరే చేపల పాలు. అక్కడ గాలం వేయొద్దు.

మూడు మొనల గాలాలు తీసేసి ఒంటి మొనవి పెట్టి, మొన పక్కనుండే ఎదురు ముల్లును పట్టకారుతో నొక్కేయండి. గుచ్చుకున్నది చేపకైనా మీ వేలికైనా సులువుగా వస్తుంది. పీకాక్ బాస్ పళ్ళు గరుకు కాగితంలా ఉంటాయి, పెదవిని బొటనవేలితో పట్టొచ్చు. తోమన్ దగ్గర ఆ పని చేయకండి, గ్రిప్పరూ పొడుగు పట్టకారూ వాడండి. వదిలేసే చేపను తడి చేతులతోనే పట్టాలి. ఎండకు కాలిన రాయి మీద పెడితే ఒంటి మీది జిగురు పోయి, తర్వాత జబ్బు పడుతుంది. లోయర్ పియర్స్, అప్పర్ సెలెటార్‌లలో మచ్చల మంచినీటి టేకు చేపలు (స్టింగ్‌రేలు) ఉన్నాయి, తోక ముల్లు విషం. గాలానికి తగిలితే దారం కోసి వదిలేయడమే మంచిది.

విసిరే ముందు ప్రతిసారీ వెనక్కి చూడండి. ఆ దారి పరుగెత్తేవాళ్ళది, సైకిళ్ళది. మ్యాక్‌రిచీలో ప్లాస్టిక్ సంచి కనబడితే కోతులు వదలవు, పులిహోర బ్యాగు లోపల దాచుకోండి.

అన్నిటికన్నా ప్రమాదం పిడుగు. కార్బన్ కడ్డీ విద్యుత్తును చక్కగా పంపిస్తుంది, దాన్ని పైకెత్తి నీటి ఒడ్డున నిలబడి ఉంటారు మీరు. ఏప్రిల్ నుంచి నవంబర్ మధ్య సుమత్రా గాలివానలు తెల్లవారుజామునే వచ్చిపడతాయి, సరిగ్గా మీ వేట వేళకు. మైఎన్వీ యాప్‌లో వాన మ్యాపు చూసి బయల్దేరండి. ఉరుము వినబడగానే కడ్డీ కింద పెట్టి కట్టడంలోకి వెళ్ళండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాటాకే తిరిగి రండి.