కారు మీద లేసు గుడ్డ, అదీ ఒక కళేనా సార్?

నల్లగొండలో బడిపిల్లలకు డ్రాయింగ్ చెప్పి రిటైరైన మాస్టారు పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మాది కల్వకుర్తి. హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ) చదువుతున్నాను. బ్రిటన్‌లో కళాకారులకు ఇచ్చే టర్నర్ ప్రైజ్ 2024 ఫైనలిస్టుల్లో ఒకరి పని మీద స్పందన రాయమన్నారు. నేను జస్లీన్ కౌర్‌ను తీసుకున్నాను. ఒక ఎర్ర కారు, దాని మీద పెద్ద లేసు గుడ్డ. నాకు నచ్చలేదు. గెలిచిన పనిని నచ్చలేదని రాస్తే మార్కులు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఫొటోలు మాత్రమే చూశాను సార్.

జవాబు: మార్కుల సంగతి మీ లెక్చరర్ చూసుకుంటారు బిడ్డా, నేను రాత సంగతి చెప్తాను.

ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని ఆ గదిలో ఏమేం ఉన్నాయో రాయి. ‘అద్భుతం’, ‘వినూత్నం’, ‘సమాజాన్ని ప్రశ్నిస్తోంది’ లాంటి మాటలు ఆ కాగితం మీద పడకూడదు. అవి ఏ బొమ్మ చూడకుండానైనా రాయొచ్చు. నా దగ్గరికి వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం అలాగే ఉంటాయి. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ కారు. ఎరుపు. దాని మీద తెల్ల నూలు అల్లిక. మన ఇళ్లలో ఒకప్పుడు టీవీ మీద, ఫ్రిజ్ మీద ఆడవాళ్లు క్రోషియాతో అల్లి పరిచేవాళ్లే, ఆ రకం. అంత చిన్న వస్తువును కారుకు సరిపడా పెంచారు. ఎందుకు పెంచి ఉంటారు? కారులోంచి పాటలు వస్తుంటాయి. కుటుంబం ఫొటోలు, తివాచీ, స్కాట్లాండ్‌లో అందరూ తాగే ఐరన్ బ్రూ కూల్‌డ్రింక్, తమంతట తామే మోగే చేతిగంటలు కూడా ఆ ప్రదర్శనలో ఉన్నాయి. ఇంత శబ్దం ఉన్న పనిని ఫొటోలో చూస్తే సగం పోయినట్టే. అందుకే ఫొటోలే చూశానన్న మాట మొదటి పేరాలోనే రాసెయ్. వీలైతే వీడియో వెతుక్కుని, కళ్లు మూసుకుని ఒకసారి విను.

వివరాల పలక చదవడం ఆ తర్వాత. కౌర్ 1986లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో సిక్కు కుటుంబంలో పుట్టింది. ఆ కారు వాళ్ల నాన్న మొదటి కారుకు గుర్తు. నూలు అల్లికేమో బ్రిటన్ బట్టల మిల్లుల్లో పనికి వెళ్లిన వలస కార్మికులకు గుర్తు. ఇప్పుడు కల్వకుర్తి పిల్లగా నీ దగ్గర ఒక సామాను ఉంది. పాలమూరు లేబర్ ఎన్ని ఊళ్లలో ఎన్ని డ్యాములు, కాలువలు కట్టిందో నీకు చెప్పక్కర్లేదు. కానీ ‘వాళ్లదీ వలసే, మనదీ వలసే’ అని కలిపి కట్టేసి చేతులు దులుపుకోకు. మేస్త్రీ వెంట గుంపుగా పోయిన మనవాళ్లు చాలామంది పని అయ్యాక ఊరికి తిరిగొచ్చారు. కౌర్ వాళ్లు అక్కడే ఉండిపోయారు. పరాయి ఊళ్లో సొంత కారు కొనడమంటే, నా లెక్కలో, ఇక ఇక్కడే ఉంటాం అని వీధికంతా చెప్పడం. మీ ఇంట్లో మొదటి బండి ఎవరు కొన్నారు, ఏ డబ్బుతో కొన్నారు, దాని ముందు నిమ్మకాయలో, దండలో ఏం కట్టారు? నాలుగు వాక్యాలు రాయి, ఐదోది వద్దు. మళ్లీ కారు దగ్గరికి వచ్చెయ్, ఎందుకంటే వ్యాసం మీ ఇంటి గురించి కాదు.

నచ్చలేదని రాయొచ్చా? నిక్షేపంగా. ఏది నచ్చలేదో చూపించాలి, అంతే. ‘లేసు మరీ ముచ్చటగా ఉంది, దాని వెనక ఉన్న మిల్లు చాకిరీ నాకు కనబడలేదు’ అని రాశావనుకో, అది గట్టి విమర్శ. జ్యూరీ ఆమెకు 25 వేల పౌండ్లు ఇచ్చింది, మిగతా ముగ్గురికీ తలా 10 వేలు. ఆ ముగ్గురిలో క్లాడెట్ జాన్సన్ పాస్టెల్ రంగు సుద్దలతో నిలువెత్తు నల్లజాతి మనుషుల్ని గీస్తుంది. నన్నడిగితే ఆమెకే ఇచ్చేవాణ్ని. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లల చేత గీతలు దిద్దించినవాణ్ని కదా, చెయ్యి తిరిగిన గీత కనబడితే అటే మొగ్గుతాను. నువ్వు రాసేటప్పుడు నీ మొగ్గు కూడా ఇలా ఒప్పేసుకో.

ప్రశ్న: ‘అర్థం కాలేదు’ అని రాస్తే స్పందన అవుతుందా? ఖాళీ గదిలో లైటు వెలిగి ఆరితే బహుమతి ఇచ్చారట! (ఒక టీచర్, మిర్యాలగూడ)

జవాబు: ఇచ్చారమ్మా, 2001లో, మార్టిన్ క్రీడ్‌కు. అదీ టర్నరే. 5 సెకన్లు వెలుగు, 5 సెకన్లు చీకటి.

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూశారా? గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. అక్కడికొచ్చినవాళ్లు అర్థం కాలేదని తిరిగిపోరు. బయటికొచ్చి ఒక్కో స్తంభం పక్కన నిలబడి, తమ నీడ లోపల పడుతుందేమో చూస్తారు, ఇంకొకరిని లోపలికి పంపి ‘కనబడిందా?’ అని అరుస్తారు. క్రీడ్ గది గురించి రాసేటప్పుడూ అదే పని చేయండి. చీకటి పడ్డప్పుడు పక్కవాళ్లు ఏం చేస్తారు, వెలుగు వచ్చేసరికి మీరు ఎటు చూస్తుంటారు? ఇంతా చేశాక గదిలో ఏమీ లేదనిపిస్తే, లేదనే రాయండి. నాకైతే ఆ గది కొంచెం పలుచగానే తోచింది.

ప్రశ్న: మాది పుట్టపాక, నేత కుటుంబం. ఇట్లాంటి పోటీల్లో దారం, గుడ్డ వాడినవాళ్లు ఫైనల్‌కు వస్తున్నారు. మా నాన్న నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాలు ఎందుకు రాదు? దాన్ని చేతివృత్తి అంటారు, అదే పని నగరంలో ఎవరో చేస్తే కళ అంటారు.

జవాబు: తమ్ముడూ, నీ కోపంలో న్యాయం ఉంది. అడ్డు పడుతున్నది దారం కాదు. మృణాళినీ ముఖర్జీ జనపనార ముడులతో చేసిన శిల్పాలు పెద్ద పెద్ద మ్యూజియంలకు వెళ్లాయి. గ్రేసన్ పెర్రీ 2003లో మట్టి కుండలతోనే టర్నర్ గెలుచుకున్నాడు. కాకపోతే కుండ ఆకారం పాతదే ఉంచి, దాని మీద తన కాలం గొడవలు, తన బాల్యం గీశాడు. ఆ జ్యూరీలు వెతికేది ఈ మనిషి మాత్రమే చెప్పగలిగిన సంగతి. మీ ఊరి గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది, అది నైపుణ్యానికి దక్కిన గౌరవం. రెండు తూకాలూ వేరు. రెండోదానికి విలువ తక్కువని గ్యాలరీల వాళ్లు అనుకోవడం మాత్రం నాకు ఒళ్లు మండే విషయం. చిటికి కట్టేటప్పుడే, అంటే నేతకు ముందు రంగు అంటకుండా నూలుకు ముడులు వేసేటప్పుడే, రంగు ఎక్కడ తేలాలో మనసులో లెక్క వేసుకోవడం ఏ ఆర్ట్ కాలేజీలో నేర్పుతారు?

నువ్వొక పని చెయ్. ఫైనలిస్టుల మీద రాసినట్టే మీ నాన్న రుమాలు మీద ఒక పేజీ రాయి. నూనె, బూడిద కలిపి నానబెట్టిన నూలు వాసన, ఎరుపు, నలుపు, తెలుపు, ఏ గడిలో ఏ బొమ్మ, అంచు దగ్గర రంగు ఎక్కడ కొంచెం జారింది. ‘మన ఘన వారసత్వం’ అని మొదలుపెడితే మాత్రం చింపేస్తాను. నాకు పంపు, ఈ శీర్షికలోనే వేయమని ఎడిటర్ గారిని అడుగుతాను.

ప్రశ్న: ఫైనలిస్టుల పనులు చూసి ఎవరు గెలుస్తారో ముందే చెప్పొచ్చా? మా హాస్టల్‌లో పందేలు కాస్తున్నారు. (దేవరకొండ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: 2019లో టర్నర్ ఫైనలిస్టులు నలుగురూ కలిసి, మమ్మల్ని విడదీయకండి, బహుమతి అందరికీ కలిపి ఇవ్వండి అని జ్యూరీకి లేఖ రాశారు. జ్యూరీ సరే అంది. 40 వేల పౌండ్లు నలుగురూ పంచుకున్నారు. మీ హాస్టల్‌లో ఆ ఏడాది పందెం పెట్టి ఉంటే డబ్బులు ఎవరికివ్వాలో తేల్చుకోలేక కొట్టుకునేవాళ్లు.