బోరు నీళ్లు ఉప్పగా ఉన్నంత మాత్రాన సముద్రం కాదు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా నిడమనూరు మండలం, సాగర్ ఎడమ కాలువ చివరి భూములు. కాలువ నీరు అందని ఏడాది బోరే దిక్కు. ఆ నీళ్లు ఉప్పగా ఉండటంతో రెండెకరాల చెలకలో మూడేళ్లుగా వరి సరిగా రావడం లేదు. పరీక్ష చేయిస్తే ఈసీ (నీటి ఉప్పదనాన్ని చెప్పే విద్యుత్ వాహకత కొలత) 2.6 అని రాసిచ్చారు. భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక వ్యాపారి, లీటరుకు 5 గ్రాములు వచ్చేదాకా ఉప్పు కలిపితే వెనామీ రొయ్యలు బాగా పెరుగుతాయని, పిల్లలూ మేతా తానే ఇస్తానని అంటున్నాడు. చెరువు తవ్వమంటారా?

జవాబు: రొయ్యల కోసమైతే తవ్వకండి. చేపల కోసమైతే ఆలోచించవచ్చు, ఆ సంగతి తర్వాత రాస్తాను. ముందు ఉప్పు లెక్క చూద్దాం. ఆ వ్యాపారి మీకు చెప్పని లెక్క అదే.

ఈసీ 2.6 అంటే లీటరు నీటిలో సుమారు ఒకటిన్నర గ్రాముల లవణాలు ఉన్నట్టు. సముద్రపు నీటిలో 35 గ్రాములుంటాయి. ఎకరం చెరువులో నాలుగడుగుల నీరు నిలబెడితే దాదాపు 49 లక్షల లీటర్లు. లీటరుకు ఒక్క గ్రాము పెంచాలన్నా అయిదు టన్నుల ఉప్పు కావాలి. ఆయన చెప్పిన 5 గ్రాములకు చేరాలంటే ఎకరానికి 17 టన్నులు, అంటే యాభై కిలోల బస్తాలు 340. మీ రెండెకరాలకు 680 బస్తాలు. ఎండకు నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన నీటికి బదులు మళ్లీ బోరు నీళ్లే పెడతారు కాబట్టి, వాటితో పాటు ఇంకాస్త ఉప్పు చేరుతుంది. పంట పట్టాక ఆ నీటిని ఎక్కడికి వదులుతారు? వాగులోకి వదిలితే కింది పొలాల వాళ్ల కడుపు కొట్టినట్టే. వదలకపోయినా చెలక నేల ఇంకించుకుంటుంది. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. దాని పగుళ్ల వెంట నీరు ఏ బోరులో తేలుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. నీటిలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను ఎలా వంచిందో కళ్లారా చూసిన జిల్లా ఇది. ఇక్కడి భూగర్భజలంలోకి మన చేత్తో మనం ఇంకో విషం కలపకూడదు.

వెనామీ తక్కువ ఉప్పులోనూ బతుకుతుందన్న మాట అబద్ధం కాదు. అయితే దానికి కావలసింది ఉప్పదనం ఒక్కటే కాదు, లవణాల పాళ్లు కూడా. సముద్రపు నీటిలో లీటరుకు మెగ్నీషియం దాదాపు 1,300 మిల్లీగ్రాములు, కాల్షియం 400, పొటాషియం 380కి పైన ఉంటాయి. మన బోరు నీళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది, పొటాషియం నామమాత్రం. అందులో మామూలు ఉప్పు పోస్తే పెరిగేది సోడియం, క్లోరైడ్ మాత్రమే. పొటాషియం పాలు ఇంకా పడిపోతుంది. పాళ్లు సరిచేయడానికి పొటాష్, మెగ్నీషియం బస్తాలకు బస్తాలు పోస్తూ పోవాలి, ఖర్చు అక్కడ మొదలవుతుంది.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే చెరువు తవ్వకముందే ఆ వ్యాపారిని చిన్న పరీక్ష చేయమనండి. ఒక బకెట్‌లో మీ బోరు నీళ్లు, ఆయన చెప్పినంత ఉప్పు, గాలి పంపు, యాభై రొయ్య పిల్లలు. మూడు రోజులు గమనించండి. లవణాల పాళ్లు కుదరని నీటిలో పిల్ల నడుము దగ్గర వంగి కొంకి తిరుగుతుంది, కండ తెల్లబారుతుంది, వేలితో తాకినా చాచుకోదు. కుబుసం విడిచిన రాత్రి ఎక్కువగా చస్తాయి, తెల్లవారేసరికి అడుగున పడి ఉంటాయి. ఈ పరీక్షకే ఒప్పుకోని వ్యాపారితో ఒప్పందం చేసుకోవద్దు.

కోస్తాలో ఈ దారి ఎటు పోయిందో నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నెల్లూరు తీరంలో పనిచేశాను. ఒక ఊళ్లో పెద్దావిడ బావిలోంచి చేద తోడి, దోసిట్లో నీళ్లు నా నోటి దగ్గర పెట్టి రుచి చూడమంది. ఆ బావికి నాలుగు పొలాల అవతల రొయ్యల గుంటలు. పెరట్లో కొబ్బరి మట్టల అంచులు కాల్చినట్టు ఉన్నాయి. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి గుంటలు ఖాళీ అయ్యాయి, నేలలోని ఉప్పు మాత్రం మిగిలిపోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పంట భూములను, మడ అడవులను, చిత్తడి నేలలను రొయ్యల చెరువులుగా మార్చవద్దని తీర్పు ఇచ్చింది. 2005లో తీరంలో రొయ్యల సాగును అదుపు చేసే కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. అది ప్రధానంగా పోటు గీత (సముద్రం పోటెత్తినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి రెండు కిలోమీటర్ల లోపలి భూములకు వర్తిస్తుంది. నిడమనూరు దాని పరిధిలోకి రాదు. కాబట్టి మీ పక్క రైతు బోరును కాపాడే పని మీ మీదే ఎక్కువగా ఉంది. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

రొయ్య మీద మనసు పడితే మన కృష్ణదే ఒకటుంది, నీలకంఠ రొయ్య. మంచినీటిలో పెరుగుతుంది. గుడ్లు మోసే ఆడ రొయ్య మాత్రం నది వెంట కిందికి, ఉప్పునీరు కలిసే మొగ వైపు వెళ్తుంది. దాని పిల్లలకు తొలి నెల రోజులు లీటరుకు సుమారు 12 గ్రాముల ఉప్పున్న నీరు కావాలి. ఆ తర్వాత అవే ఎదురీది పైకి వస్తాయి. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా ప్రకాశం బ్యారేజీ, పులిచింతల, నాగార్జునసాగర్ ఉన్నాయి. అందుకే జలాశయాల్లో ఏటా హేచరీ (గుడ్లు పొదిగించి పిల్లలను తీసే కేంద్రం) పిల్లలను వదలవలసి వస్తోంది. మీరు పెంచినా పిల్లలను హేచరీ నుంచే తేవాలి.

మీ నీటికి నేను చెప్పేది బొచ్చె, రోహు. లీటరుకు ఒకటిన్నర గ్రాముల ఉప్పును ఇవి తట్టుకుంటాయి. ముందు ఒక ఎకరమే తవ్వండి. బెత్తెడు పిల్లలు ఎకరానికి రెండు వేల నుంచి మూడు వేలు చాలు. వాటితో కొద్దిగా నీలకంఠ రొయ్య కలపాలనుకుంటే మోసు, బంగారు తీగ చేపలను వేయకండి. అవీ అడుగునే మేస్తాయి, రొయ్యకు తిండి మిగలదు. కుబుసం విడిచిన రొయ్యను తోటి రొయ్యలే తింటాయి కాబట్టి దాక్కోవడానికి ఎండు తాటి మట్టలు, పాత పైపు ముక్కలు అడుగున వేయండి. మార్కెట్లో ధర పలికేది కొర్రమట్ట. గాలి పీల్చుకోగల చేప కాబట్టి నీటిలో ప్రాణవాయువు తగ్గినా నిలుస్తుంది. కానీ పెద్దది చిన్నదాన్ని మింగుతుంది, రెండు వారాలకోసారి సైజుల వారీగా వేరు చేయాలి. వాన రాత్రి గట్టెక్కి వెళ్లిపోతుంది, చుట్టూ వల కట్టాలి. ఆ ఓపిక ఉంటేనే దిగండి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలను ఎవరైనా చవకగా ఇస్తామంటే తీసుకోవద్దు, దాని పెంపకం మన దేశంలో నిషేధం. వరదకు చెరువులోకి వెళ్లిందంటే అక్కడి చేపలను మిగల్చదు.

నీళ్లను ఈసీకి మాత్రమే కాక కాల్షియం, మెగ్నీషియం, క్షారత్వానికి కూడా మళ్లీ పరీక్ష చేయించండి. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం మీకు దగ్గరే, మట్టి నమూనా కూడా పట్టుకెళ్లండి. జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అనుమతి గురించి అడిగాకే తవ్వే యంత్రాన్ని పిలవండి.

అంతకన్నా ముందు చేయవలసింది ఒకటుంది. చెలకలో నడుము లోతు గుంట తీసి, పొద్దున నిండా నీళ్లు పోయండి. సాయంత్రానికి కొంత దిగుతుంది. మళ్లీ నింపి, తాటాకు కప్పి, కర్రకు గీత పెట్టి వదిలేయండి. తెల్లవారి చూసినప్పుడు నీరు గీతకు దగ్గరగా ఉంటే చెరువు నిలుస్తుంది. సగానికి దిగిపోతే మాత్రం చేపల ఆలోచన కూడా మానుకోండి, ఆ నేలకు తగిన పంట సంగతి మరో ఉత్తరంలో మాట్లాడుకుందాం.